టాక్సిక్ వేయగానే స్విచ్ చేసేస్తున్నారు, ఇక ఈ మూవ్ దేనికి?

ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు పోకెమాన్ షోడౌన్ అనే ఆన్‌లైన్ పోరాటాల సైట్‌లో ఏడో తరం (ఏడో విడత ఆటల) ఓయూ ఆడుతున్నారు. (ఉస్మానియా వాళ్ళు కంగారుపడొద్దు, ఎక్కువమంది వాడే పోకెమాన్ల వర్గానికి, ఓవర్‌యూజ్డ్ అనే టియర్‌కి పొట్టి పేరు అది.) టీంలో జాప్డోస్, టాక్సాపెక్స్, చాన్సీ, ఫెరోథార్న్, లాండోరస్, గ్రెనింజా ఉన్నాయి. మొదటి నాలుగింటికీ, ఎదుటిదానికి విషం ఎక్కించే టాక్సిక్ మూవ్ ఇచ్చారు. అయినా ఓడుతున్నారు. ఎదుటివాళ్ళు స్విచ్ చేసేసరికి (ఆ పోకెమాన్‌ని వెనక్కి పిలిచి ఇంకోదాన్ని దింపేసరికి) విషం లెక్క మళ్ళీ మొదటికి వస్తోంది. "మరి అందరూ ఈ మూవ్‌ని అంత గొప్పగా ఎందుకు చెప్తారు?" అని అడిగారు.

నేను ఈ మూవ్‌ని నాలుగో తరం రోజుల నుంచి వాడుతున్నాను. దానివల్ల గెలిచినవీ ఉన్నాయి, సిగ్గుపోయేలా ఓడినవీ ఉన్నాయి. లెక్కతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ సమస్యలో సగం అక్కడే తేలిపోతుంది.

పోకెమాన్ పూర్తి హెచ్‌పీని, అంటే దాని ప్రాణాన్ని, ఒక రూపాయి అనుకోండి. పాత రూపాయి, పదహారణాలది. మామూలు విషం ప్రతి టర్న్ చివరా ఒక బేడ, అంటే రెండణాలు తీసుకుంటుంది. అది పెరగదు, తగ్గదు. టాక్సిక్ వల్ల వచ్చేది ముదిరే విషం. మొదటి టర్న్‌కి ఒక అణా, రెండో టర్న్‌కి రెండు, మూడోదానికి మూడు, అలా పెరుగుతూ పోతుంది. వేసిన టర్న్ చివరే మొదటి అణా పోతుందని గుర్తుంచుకోండి. ఐదు టర్న్‌లకి మొత్తం పదిహేనణాలు. ఆరో టర్న్‌లో ఇంకో ఆరు పోవాలి, అక్కడ ఉన్నది అణా. ఏ వైద్యమూ లేకుండా అక్కడే కూర్చున్న పోకెమాన్ ఆరో టర్న్ చివర పడిపోతుంది.

ఇప్పుడు రెండు విషాల్నీ పక్కపక్కన పెట్టండి. ఒక టర్న్ తర్వాత మామూలు విషం రెండణాలు తింటే ముదిరేది ఒక్కటే తింటుంది. రెండు టర్న్‌లకి నాలుగుకి మూడు. మూడు టర్న్‌లకి ఆరుకి ఆరు. నాలుగో టర్న్ నుంచే టాక్సిక్ ముందుకెళ్తుంది. అంటే ప్రతి రెండు టర్న్‌లకీ బయటికెళ్ళిపోయే పోకెమాన్‌కి టాక్సిక్ కంటే మామూలు విషమే ఎక్కువ నొప్పి! ఇది చాలామందికి తట్టదు. టాక్సిక్ స్పైక్స్ అని ఇంకో మూవ్ ఉంది, లోపలికి వచ్చేవాటికి గుచ్చుకునే విషపు ముళ్ళు. అవి రెండు పొరలు పరిస్తే ముదిరే విషం ఎక్కుతుంది, ఒక పొర పరిస్తే మామూలుది. ఎదుటి టీం వోల్ట్ స్విచ్, యూ-టర్న్ లాంటి కొట్టి వెంటనే స్విచ్ అయ్యే మూవ్‌లతో తిరుగుతూనే ఉంటే నేను కావాలనే ఒక పొర దగ్గర ఆగిపోతాను. రెండో పొర వేయడానికి ఇంకో టర్న్ ఖర్చుపెట్టి, వాళ్ళకి పడే దెబ్బని సగం చేయడం దేనికి? కదలకుండా కూర్చుని బలం పెంచుకునే పోకెమాన్ ఉంటే మాత్రం రెండో పొర తప్పదు.

కాబట్టి మీరు చూసింది నిజమే. స్విచ్ చేస్తే లెక్క అణా దగ్గరికి వస్తుంది. (మొదటి రెండు తరాల్లో అయితే స్విచ్ చేయగానే ముదిరే విషం కాస్తా మామూలు విషం అయిపోయేది. మూడో తరం నుంచి విషం అదే ఉండి, లెక్క మాత్రమే వెనక్కి వెళ్తోంది.) కానీ ఆ స్విచ్ వాళ్ళకి ఊరికే వస్తోందా? మీ టీంలో ఆ స్విచ్‌కి వెల కట్టేవాళ్ళెవరు? మీరు రాసిన సెట్లలో స్టెల్త్ రాక్ (లోపలికి వచ్చేవాటికి తగిలే రాళ్ళు) ఎక్కడా కనిపించలేదు, ఫెరోథార్న్ దగ్గర స్పైక్స్ (నేల మీది ముళ్ళు) కూడా లేవు. ఇదే అసలు లోటు.

టాక్సిక్ తిన్న పోకెమాన్‌ని మీరు రెండు దారుల మధ్య నిలబెడుతున్నారు. ఉంటే విషం ముదురుతుంది. వెళ్తే మళ్ళీ వచ్చేటప్పుడు రాళ్ళు తగలాలి, స్పైక్స్ గుచ్చుకోవాలి. స్టెల్త్ రాక్ మామూలు పోకెమాన్‌కి రెండణాలు, జాప్డోస్‌లాంటి వాటికి పావలా. స్పైక్స్ ఒక పొరకి రెండణాలు, మూడు పొరలకి పావలా, కాకపోతే గాల్లో ఉండేవాటికి తగలవు. వెళ్ళే దారికి టోల్ గేటు పెట్టకుండా టాక్సిక్ మాత్రమే వేస్తే వాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతూ ఉంటారు. మీ మ్యాచ్‌ల్లో జరుగుతున్నది అదే.

రెండో తప్పు, దీన్ని నేను కూడా రెండేళ్ళు చేశాను: ఎదురుగా ఉన్నదాన్ని చూసి టాక్సిక్ నొక్కడం. ఎదురుగా ఉన్న పోకెమాన్ మీకు భయపడుతోందంటే అది ఎలాగూ వెళ్ళిపోతుంది. మీ టాక్సిక్ తగిలేది లోపలికి వచ్చేదానికి. అందుకే మూవ్‌సెట్ రాసుకునేటప్పుడే అడగాల్సిన మాట "నా ఈ పోకెమాన్ మీదికి ఎవరొస్తారు?"

టాక్సాపెక్స్ సంగతి తీసుకోండి. దాని మీదికి ఎలక్ట్రిక్ వాళ్ళు వస్తారు, ఎదుటి జాప్డోస్ గానీ రోటమ్-వాష్ గానీ. రెండిటికీ విషం ఎక్కుతుంది. రోటమ్‌కి నమ్మదగ్గ వైద్యం లేదు. జాప్డోస్‌కి రూస్ట్ ఉంది, ఒకసారి వాడితే ఎనిమిదణాలు తిరిగొస్తాయి. ఎనిమిదో టర్న్ దాకా అది నెట్టుకురాగలదు, తొమ్మిదో టర్న్‌కి విషం తొమ్మిదణాలు అడుగుతుంది, అక్కడి నుంచి రూస్ట్ చాలదు. ఈలోపు అది రూస్ట్ తప్ప ఇంకేదైనా నొక్కిందా, అంత ముందే పడిపోతుంది. జాప్డోస్ ఇక మీ రాళ్ళూ ముళ్ళూ ఊడ్చేసే డీఫాగ్ వేయడానికి రావాలన్నా ఆలోచిస్తుంది. నాకు టాక్సిక్‌లో నచ్చేది ఇదే. ఆ పోకెమాన్ చచ్చినా చావకపోయినా, దాని పని అది చేసుకోలేదు.

పైగా టాక్సాపెక్స్ పాయిజన్ టైపు. ఎవరు వేసినా టాక్సిక్ తగిలే అవకాశం 90 శాతం (మొదట్లో 85 ఉండేది, ఐదో తరంలో పెంచారు). ఆరో తరం నుంచి మాత్రం పాయిజన్ టైపు వేస్తే గురి తప్పదు. ఎదుటివాళ్ళు ఫ్లైతో ఆకాశంలో ఉన్నా, డిగ్‌తో భూమిలో ఉన్నా తగులుతుంది. పదింట ఒకసారి తప్పడం వినడానికి చిన్నదే. ఆ ఒక్కసారీ మ్యాచ్ ఆఖరి టర్న్‌లోనే వస్తుందని మీకూ తెలుసు.

ఇప్పుడు చాన్సీ. దాని మీదికి ఎవరొస్తారు? స్పెషల్ దాడులకి అది పెట్టని కోట కాబట్టి, దాన్ని లెక్కచేయనివాళ్ళు వస్తారు. మ్యాజిక్ గార్డ్ అనే ఎబిలిటీ (పుట్టుకతో ఉన్న గుణం) ఉన్న క్లెఫేబుల్, రూనిక్లస్‌లకి విషం ఎక్కుతుంది గానీ ఒక్క అణా కూడా పోదు. పైగా ఒక పోకెమాన్‌కి విషం, మంట, నిద్ర లాంటి స్టేటస్‌లలో ఒక్కటే ఉంటుంది కనుక, మీరు విషం ఎక్కించి దాన్ని పక్షవాతం నుంచీ నిద్ర నుంచీ కాపాడినట్టవుతుంది. గ్లైస్కార్ వస్తే ఇంకా ఘోరం. పాయిజన్ హీల్ ఉన్నదానికి విషమే టానిక్, టర్న్‌కి రెండణాలు తిరిగొస్తాయి. తనకి తానే విషం ఎక్కించుకోవడానికి పట్టుకొచ్చిన టాక్సిక్ ఆర్బ్ ఇంకా పనిచేయక ముందే మీరు టాక్సిక్ కొడితే ఆ పని మీరే చేసిపెట్టినట్టు. గట్స్ ఉన్న కాన్‌కెల్డర్ లాంటివాటికి విషం ఎక్కగానే అటాక్ ఒకటిన్నర రెట్లు. ఫసాడ్ అనే మూవ్ ఉంటే దాని బలం 70 నుంచి 140. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే. మ్యాజిక్ బౌన్స్ ఉన్న మెగా సేబులై అయితే మీ టాక్సిక్‌ని మీకే తిరిగి పంపిస్తుంది. టాక్సాపెక్స్, ఫెరోథార్న్ వేస్తే తిరిగొచ్చినా వాటికి ఎక్కదు. చాన్సీకి ఎక్కుతుంది. దానికి న్యాచురల్ క్యూర్ ఉంది కాబట్టి స్విచ్ చేస్తే పోతుందనుకోండి, కానీ ఆ స్విచ్ మీ చేత బలవంతంగా చేయించినట్టే కదా.

స్టీల్, పాయిజన్ టైపులకి విషం ఎక్కదని మీకు తెలుసు. (సలాజిల్‌కున్న కరోజన్ ఒక్కటే మినహాయింపు, దాని టాక్సిక్ స్టీల్‌ని కూడా వదలదు.) కానీ మీ టీం చూస్తే ఆ తెలిసిన విషయం ఎక్కడా వాడినట్టు లేదు. మీ నాలుగు టాక్సిక్‌ల మీదికీ స్టీల్ టైపు హీట్రాన్ ఒక్కటే వచ్చి కూర్చుంటే చేసేదేముంది? ఇక్కడ ఆట మీకో ఉపకారం చేసింది. స్టీల్‌కి గ్రౌండ్ అంటే పడదు, పాయిజన్‌కీ పడదు. టాక్సిక్‌ని తప్పించుకునే రెండు టైపులకీ గ్రౌండ్ మూవ్ ఎర్త్‌క్వేక్ తగులుతుంది! అందుకే టాక్సిక్, ఎర్త్‌క్వేక్ రెండూ ఒకే పోకెమాన్ చేతిలో ఉంటే ఎదుటివాళ్ళకి ఊపిరాడదు. మీ లాండోరస్ రెండూ నేర్చుకోగలదు. మీరు మాత్రం నాలుగింటికి టాక్సిక్ ఇచ్చి దాన్ని వదిలేశారు!

ఈ జంట నుంచి జారిపోయేది గాల్లో ఉండే స్టీల్: సెలెస్టీలా, స్కార్మరీ. వాటిని మాగ్నెజోన్ తన మాగ్నెట్ పుల్‌తో పట్టేసి ఎలక్ట్రిక్ దెబ్బలతో పంపించేస్తుంది. ఇంకా జారిపోయేవాళ్ళు రీజెనరేటర్ ఉన్నవాళ్ళు. టాంగ్రోత్ లాంటిది బయటికి వెళ్ళినప్పుడల్లా మూడో వంతు హెచ్‌పీ, అంటే ఐదణాల పైచిలుకు వెనక్కి తెచ్చుకుంటుంది. దానికి టాక్సిక్ వేయడం గోడకి సున్నం వేయడం లాంటిది. టర్న్ వృథా.

ఎదుటివాళ్ళ చాన్సీని విషంతో చంపాలంటే దాన్ని వెళ్ళనివ్వకూడదు. హీట్రాన్ మాగ్మా స్టార్మ్‌తో కట్టేసి, టాంట్‌తో వైద్యం ఆపి, తర్వాత టాక్సిక్ వేస్తుంది. కట్టేసినందుకు రెండణాలు, విషానికి పెరిగే అణాలు. ఏడో తరంలో నేను చూసిన టాక్సిక్ వాడకాల్లో ఇంత నిర్దయగా ఉండేది ఇంకోటి లేదు. మీ మీద ఎవరైనా వాడితే తిట్టుకోకండి, రీప్లే దాచుకుని నేర్చుకోండి.

లెక్క గురించి ఇంకో మాట ఉంది, నేను ఓడి నేర్చుకున్నది. నాలుగో తరం రోజులు, హాస్టల్లో రూమ్మేట్‌తో మ్యాచ్. అతనికి మిగిలింది ఒక స్వీకూన్, 404 హెచ్‌పీ, చేతిలో లెఫ్టోవర్స్. నాకూ ఒక్కటే మిగిలింది, ఇంకో దెబ్బ పడితే పోతుంది. పూర్తి హెచ్‌పీతో ఉన్న స్వీకూన్‌కి టాక్సిక్ వేశాను. లెఫ్టోవర్స్ టర్న్‌కి అణా ఇస్తుంది, విషం కంటే ముందే ఇస్తుంది. మొదటి టర్న్‌లో హెచ్‌పీ నిండుగా ఉంది కాబట్టి ఇవ్వడానికేం లేదు. నోట్‌బుక్ వెనకపేజీలో లెక్కేశాను. పదహారు, పదిహేను, పద్నాలుగు, పన్నెండు, తొమ్మిది, ఐదు, సున్న. సరిగ్గా ఆరో టర్న్‌కి అయిపోవాలి. ఆరో టర్న్‌లో దెబ్బ పడనివ్వని ప్రొటెక్ట్ వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

స్వీకూన్ 4 హెచ్‌పీతో నిలబడింది. చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు, కానీ నిలబడింది. తర్వాతి టర్న్‌లో మళ్ళీ ప్రొటెక్ట్ నొక్కాను. వరసగా రెండోసారి వేస్తే అప్పట్లో సగం అవకాశమే, పడలేదు. సర్ఫ్‌తో నా పని అయింది. వారం రోజులు ఆ బ్లాకంతా నన్ను "పదహారణాలు" అని పిలిచారు.

ఎక్కడ తప్పిందంటే, 404ని 16తో భాగిస్తే 25.25. ఆట ఆ పావుని పారేస్తుంది. అణా అంటే 25 హెచ్‌పీ, దాన్నే టర్న్ సంఖ్యతో గుణిస్తుంది. 379, తర్వాత 354, 304, 229, 129. ఆరో టర్న్‌లో లెఫ్టోవర్స్ కలిపి 154, అందులో 150 పోతే మిగిలింది 4. పారేసిన పావులన్నీ అక్కడ పోగయ్యాయి. చేతిలో లెఫ్టోవర్స్ లేకపోతే ఐదు టర్న్‌లకి 29 మిగిలి ఆరో టర్న్‌కి పోయేదే. కాబట్టి ఆఖరి పోరాటంలో అణాల లెక్క చాలదు, అసలు హెచ్‌పీ అంకెలతో వేయండి. షోడౌన్‌లో ఎదుటిదాని హెచ్‌పీ శాతాల్లోనే కనిపిస్తుంది, అయినా దాని మామూలు సెట్ తెలిస్తే అంకె ఊహించడం కష్టమేమీ కాదు.

ఇంకోటి, ఎవరికి వేయకూడదు అన్నది. మీ మూడో రీప్లేలో డ్రాగన్ డాన్స్‌తో బలం పెంచుకుంటున్న జైగార్డ్‌కి టాక్సిక్ వేశారు. మూడు టర్న్‌లలో అది మీ రెండు పోకెమాన్లని తీసేసింది. ఆ మూడు టర్న్‌లలో విషం తిన్నది ఆరణాలు. అక్కడ కావాల్సింది మంట. బర్న్ ఎక్కితే ఫిజికల్ దెబ్బ సగమైపోతుంది, ఆ క్షణం నుంచే. మీరు విషం ఎక్కించేశారు కాబట్టి తర్వాత టాక్సాపెక్స్ స్కాల్డ్ ఎన్నిసార్లు కొట్టినా బర్న్ రాదు. వేగంగా కొట్టేదానికి పక్షవాతం, బలంగా కొట్టేదానికి మంట, కూర్చునేదానికి విషం. ఎదుటి టీంలో హీల్ బెల్ లేదా అరోమాథెరపీ ఉన్న పోకెమాన్ ఉంటే మొదట దాన్ని పడగొట్టండి. లేదంటే మీరు ఇరవై టర్న్‌లు కష్టపడి ఎక్కించిన విషమంతా ఒక్క గంట మోగితే దిగిపోతుంది.

మీ టీంకి నేనైతే ఏం చేస్తానంటే, టాక్సాపెక్స్‌కి టాక్సిక్ ఉంచుతాను. లాండోరస్‌కి ఎర్త్‌క్వేక్, స్టెల్త్ రాక్, టాక్సిక్, యూ-టర్న్ ఇస్తాను. ఫెరోథార్న్‌కి టాక్సిక్ తీసేసి స్పైక్స్, టర్న్ టర్న్‌కీ హెచ్‌పీ పీల్చే లీచ్ సీడ్ ఇస్తాను. చాన్సీ విషయంలో నాతో గొడవపడేవాళ్ళు చాలామంది ఉంటారు, అయినా మీ టీంలో దానికి టాక్సిక్ అనవసరం అంటాను. జాప్డోస్ దగ్గర ఉంచినా తీసినా పర్వాలేదు. టైరానిటార్ ఎక్కువగా కనిపిస్తుంటే ఉంచండి, దానికి వైద్యం లేదు, టాక్సిక్ తింటే విసుగెత్తిపోతుంది. గ్రెనింజా జోలికి వెళ్ళకండి.

లీచ్ సీడ్ అన్నాను కాబట్టి ఒక సరదా సంగతి. మొదటి తరంలో టాక్సిక్, లీచ్ సీడ్ రెండూ ఒకే లెక్కని పంచుకునేవి, అదొక బగ్. టాక్సిక్ లెక్క పెరిగితే లీచ్ సీడ్ పీల్చేదీ పెరిగేది, లీచ్ సీడ్ పీల్చినప్పుడల్లా టాక్సిక్ లెక్కా పెరిగేది. ఫ్యూషియా సిటీలో జిమ్ లీడర్ కోగాని ఓడించి టాక్సిక్ నేర్పే టీఎం06 తెచ్చుకుని, వీనసార్‌కి నేర్పినవాళ్ళకి ఆ మజా తెలుసు. ఇప్పటి ఆటల్లో ఆ రెండూ వేరువేరు లెక్కలు, మీ ఫెరోథార్న్‌కి ఆ అదృష్టం లేదు.

చివరగా, తొమ్మిదో తరానికి మారదామా అని అడిగారు. మారండి, కానీ పైన చెప్పినదాంట్లో చాలా భాగం అక్కడ పనికిరాదు. ఏడో తరం దాకా టీఎం06 దాదాపు అందరికీ దొరికేది. 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్‌లో దాన్ని టీఎంల నుంచి తీసేశారు. స్కార్లెట్, వయొలెట్‌కి పాత ఆటల నుంచి తెచ్చిన పోకెమాన్ ఆ మూవ్‌ని వెంట తెచ్చుకోలేదు. 2023లో టీల్ మాస్క్ అనే అదనపు భాగంతో టీఎం175గా తిరిగొచ్చింది గానీ నేర్చుకోగలిగేవి తక్కువ. లాండోరస్‌కి అక్కడ టాక్సిక్ లేదు. ఎదుటివాళ్ళు టెరాతో టైపు మార్చుకుని అప్పటికప్పుడు స్టీల్ అయిపోతారు, ముందే ఎక్కిన విషం దిగదు గానీ కొత్తది ఎక్కదు. గోల్డెంగో మీదైతే ఏ స్టేటస్ మూవ్ కూడా పనిచేయదు. ఇంకోవైపు రికవర్, రూస్ట్ లాంటి వైద్యాలకి పీపీని, అంటే ఎన్నిసార్లు వాడొచ్చో ఆ సంఖ్యని, 10 నుంచి 5కి తగ్గించారు. అంటే విషం ఎక్కినవాటికి వైద్యం త్వరగా అయిపోతుంది. డొండోజో లాంటిదైతే రెస్ట్ వేసుకుని విషాన్నే దించేసుకుంటుంది. ఆ ఆటలో నేను టాక్సిక్ వెతకడం మానేసి గ్లిమోరాతో టాక్సిక్ స్పైక్స్ పరుస్తున్నాను. ఫిజికల్ దెబ్బ తగిలితే చాలు, దాని టాక్సిక్ డెబ్రి అనే ఎబిలిటీ వాటిని తనంతట తానే పరిచేస్తుంది.